వృత్తం కథ – 6: అమ్ఘరాలో ఒక ఇనుప ప్లేటు

కువైట్ నగరం నుంచి పడమరగా, జహ్రా వైపు వెళ్తే అమ్ఘరా వస్తుంది. స్క్రాప్ యార్డులకు పేరుపడ్డ ప్రాంతం. పాత కార్లు, లారీ చాసిస్‌లు, పైపులు, డ్రమ్ములు గుట్టలు గుట్టలుగా పడి ఉంటాయి. ఆ గుట్టల పక్కనే గోదాములు, వెల్డింగ్ షెడ్లు, ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాపులు. కడప, రాయచోటి, రాజంపేట వైపు నుంచీ గోదావరి జిల్లాల నుంచీ కువైట్ వెళ్లిన మనవాళ్లలో డ్రైవర్లు, ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లే కాక వెల్డర్లు, ఫిట్టర్లు, గ్యాస్ కటర్లు కూడా ఎందరో ఉన్నారు. ఇనుముతో బతికే ఆ చేతులకు వృత్తంతో రోజూ పని పడుతుంది.

గత భాగంలో కుమ్మరి సారె, బండి చక్రం చూశాం. ఈసారి అమ్ఘరాకు రావడానికి కారణం ఉంది. వృత్తం చుట్టుకొలత గురించి మనిషి నాలుగు వేల ఏళ్లుగా వేస్తూ వచ్చిన లెక్కల్లో ముఖ్యమైనవి కొన్ని పుట్టిన నేల ఇక్కడికి మరీ దూరం కాదు. ఆ లెక్కలన్నిటినీ వరసగా ఒకే ఇనుప ప్లేటు మీద పెట్టి, ఏది ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం. బడిపిల్లలు పక్కన ఒక తెల్లకాగితం, పెన్సిలు పెట్టుకుని చదివితే మంచిది.

ముందు ప్లేటు సంగతి. గుండ్రటి ట్యాంకు ఒకటి చేయాలి. లోపలి వ్యాసం 1200 మిల్లీమీటర్లు, ప్లేటు మందం 6 మిల్లీమీటర్లు. ప్లేటును ఎంత పొడవున కోసి రోలింగ్ మెషీన్‌లో పెడితే రెండు అంచులు సరిగ్గా ఎదురెదురుగా వచ్చి కలుస్తాయి?

"డయా ఎంతన్నా?" అని అడుగుతాడు కొత్తగా చేరిన కుర్రాడు.

"లోపల పన్నెండొందలు. దానికి ఆరు కలుపు, అప్పుడు పైతో గుణించు" అంటాడు సీనియర్ ఫిట్టరు.

ఆ ఆరు కలపడంలోనే పనితనం ఉంది. ప్లేటు వంగేటప్పుడు లోపలి ముఖం నొక్కుకుపోతుంది, బయటి ముఖం సాగుతుంది. సాగక, ముడుచుకోక పొడవు మారకుండా ఉండేది నడిమి పొర ఒక్కటే. అందుకే లోపలి వ్యాసం 1200నూ తీసుకోకూడదు, బయటి వ్యాసం 1212నూ తీసుకోకూడదు. ఆ రెంటి నడుమ ఉన్న 1206 తీసుకోవాలి. దాన్ని పైతో గుణిస్తే 3788.76 మిల్లీమీటర్లు వస్తుంది. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి. ఇక మీదట వచ్చే ప్రతి లెక్కనూ దీనితోనే పోల్చి చూస్తాం.

కువైట్ తీరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఫైలకా అనే దీవి ఉంది. 1958లో డెన్మార్క్ పురావస్తు బృందం అక్కడ తవ్వకాలు మొదలుపెట్టింది. నాలుగు వేల ఏళ్ల కిందటి దిల్మున్ నాగరికత ఆనవాళ్లతో పాటు మెత్తటి రాయితో చేసిన ముద్రలు వందల సంఖ్యలో దొరికాయి. మెసొపొటేమియాలో ఎక్కువగా వాడింది దొర్లించే గొట్టపు ముద్రలు. సింధు నాగరికతలో చతురస్రపు ముద్రలు. దిల్మున్ వాళ్లవి మాత్రం గుండ్రటివి, బొత్తాం అంతవి. ఒక వైపు బొమ్మ ఉంటుంది. వెనక వైపు ఉబ్బెత్తుగా ఉండి, మధ్యలో మూడు సమాంతర గీతలు, వాటికి అటూ ఇటూ నాలుగు చిన్న వృత్తాలు, ప్రతి వృత్తం నడుమ ఒక చుక్క. ఈ రకం ముద్ర ఒకటి గుజరాత్‌లోని లోథాల్‌లో కూడా దొరికింది. ఆ కాలంలోనే మన తీరానికీ ఆ తీరానికీ రాకపోకలు ఉండేవనడానికి అదొక సాక్ష్యం.

ఆ చుక్కను కాస్త దగ్గరగా చూడండి. అలంకారంగా కనిపించినా అది పనిముట్టు విడిచిన గుర్తు కూడా. ఒక మొన రాతిలో గుచ్చి నిలబెట్టి, రెండో మొనను దాని చుట్టూ తిప్పితేనే అంత చక్కటి చిన్న వృత్తం పడుతుంది. గుచ్చుకున్న మొన దిగిన చోటే ఆ చుక్క. 'ఒక స్థిర బిందువు నుంచి సమాన దూరంలో ఉండే బిందువుల సముదాయం వృత్తం' అని పిల్లలు బడిలో చదివే నిర్వచనాన్ని ఆ కళాకారుడు రాతి మీద చేసి చూపించాడు. ఈ రోజు అమ్ఘరా ఫిట్టరు ప్లేటు మీద పంచ్‌తో ఒక గుంట కొట్టి, డివైడర్ కాలు అందులో పెట్టి తిప్పేటప్పుడు చేస్తున్నదీ ఇదే. పని అయ్యాక చూస్తే ప్లేటు మీద వృత్తం, నడుమ చుక్క.

వృత్తం గీయడం ఎవరికైనా త్వరగానే చేతనవుతుంది. కొలవడం దగ్గరే చిక్కంతా.

అమ్ఘరా నుంచి వాయవ్యంగా వెళ్తే బాబిలోన్. అక్కడి లేఖకులు పచ్చి మట్టి పలకల మీద లెక్కలు చేసేవాళ్లు. యేల్ విశ్వవిద్యాలయంలో ఉన్న ఒక చిన్న పలక, వైబీసీ 7302, సుమారు 3,700 ఏళ్ల కిందటిది. దాని మీద ఒక వృత్తం, దానికి మూడే మూడు అంకెలు: 3, 9, 45. చుట్టుకొలత 3. దాని వర్గం 9. దాన్ని 12తో భాగిస్తే ముప్పావు, అంటే అరవైలో 45. వాళ్లవి అరవై లెక్కలు కాబట్టి ముప్పావును 45 అని రాసుకున్నారు. వృత్తాన్ని 360 భాగాలు చేసే అలవాటు మనకు వచ్చిందీ ఆ అరవై లెక్కల నుంచే.

నన్ను ఆకట్టుకున్నది వాళ్లు మొదలుపెట్టిన చోటు. మన పాఠాల్లో వ్యాసార్థంతో మొదలుపెట్టి వైశాల్యం కనుక్కుంటాం. వాళ్లు చుట్టుకొలతతో మొదలుపెట్టారు. ఇది పనిచేసే మనిషి పద్ధతి. దుంగకో గాదెకో తాడు చుట్టి కొలవగలం గాని దాని నడుమకు పోయి వ్యాసార్థం కొలవలేం కదా. అయితే 12తో భాగించడం వెనక ఉన్న పై విలువ 3 మాత్రమే. మన ప్లేటుకు వేసి చూద్దాం. 1206ను 3తో గుణిస్తే 3618. అసలు కావలసిన దానికంటే 171 మిల్లీమీటర్లు తక్కువ. ట్యాంకు వ్యాసం 54 మిల్లీమీటర్లు తగ్గిపోతుంది, మూత పట్టదు. ధాన్యం గాదె అంచనాకు, మట్టిపని కూలి లెక్కకు సరిపోయిన 3 ఇనుము దగ్గర నిలవలేదు.

ఆ సంగతి బాబిలోన్ వాళ్లకూ తెలుసు. కువైట్‌కు ఉత్తరంగా సుమారు 300 కిలోమీటర్ల దూరంలో, ఇప్పటి ఇరాన్‌లో ఉన్న సూసాలో 1936లో కొన్ని పలకలు బయటపడ్డాయి. అందులో ఒకదాని మీద వృత్తంలో ఇమిడిన షడ్భుజి చుట్టుకొలతను వృత్తం చుట్టుకొలతతో పోల్చిన నిష్పత్తి ఉంది. దాని నుంచి పై విలువ 3.125 అని వస్తుంది. మన ప్లేటుకు ఇది 20 మిల్లీమీటర్లు తక్కువ పడుతుంది. 171 ఎక్కడ, 20 ఎక్కడ!

గ్రీకుల దగ్గర ఎక్కువసేపు ఆగను. వాళ్ల గురించి పాఠ్యపుస్తకాలు చాలినంత చెబుతాయి. క్రీ.పూ. 3వ శతాబ్దంలో ఆర్కిమెడీస్ వృత్తం లోపల ఒకటి, బయట ఒకటి 96 భుజాల బహుభుజులను ఊహించి, పై విలువ 3 పూర్ణాంక 10/71 కంటే ఎక్కువ, 3 పూర్ణాంక 1/7 కంటే తక్కువ అని రుజువు చేశాడు. ఆ రెండో అంకే మనం బడిలో వాడే 22/7. దాని ప్రకారం ప్లేటు పొడవు 3790.29. తేడా ఒకటిన్నర మిల్లీమీటరు. వెల్డింగ్‌కు రెండు అంచుల మధ్య ఎలాగూ కాస్త సందు వదులుతారు కాబట్టి ఈ తేడా అందులో కలిసిపోతుంది. రెండు వేల రెండు వందల ఏళ్ల నాటి భిన్నం ఈ రోజు వర్క్‌షాపులో ఇంకా చెల్లుబాటవుతోందంటే అది చిన్న విషయం కాదు.

ఇక మన వైపు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో ఆర్యభటుడు ఒక లెక్క చెప్పాడు. వందకు నాలుగు కలిపి, ఎనిమిదితో గుణించి, అరవై రెండు వేలు కలపమన్నాడు. 832కు 62,000 కలిపితే 62,832. వ్యాసం 20,000 ఉన్న వృత్తానికి ఇది దాదాపు చుట్టుకొలత అన్నాడు. దాదాపు అని చెప్పడం ఆయన నిజాయితీ. భాగించి చూస్తే 3.1416. మన ప్లేటుకు వేస్తే 3788.77. అసలు విలువకూ దీనికీ తేడా మిల్లీమీటరులో నూరో వంతు కూడా లేదు. అంతటి తేడాను టేపుతో పట్టుకోలేం.

వైశాల్యానికి ఆర్యభటుడు చెప్పిన సూత్రమూ సులువుగా పట్టుబడుతుంది: సగం చుట్టుకొలతను సగం వ్యాసంతో గుణించు. కావాలంటే ఒక కాగితపు వృత్తాన్ని పిజ్జాలాగా పదహారు ముక్కలు కోసి, ఒకటి పైకి, ఒకటి కిందికి పేర్చండి. దీర్ఘచతురస్రం లాంటిది తయారవుతుంది. దాని పొడవు సగం చుట్టుకొలత, ఎత్తు వ్యాసార్థం. ముక్కలు సన్నబడేకొద్దీ అంచు తిన్నగా మారుతుంది. పై గుణించు వ్యాసార్థం వర్గం అని బట్టీపట్టే పిల్లలకు ఈ ఒక్క పని చేయిస్తే సూత్రం జన్మలో మరిచిపోరు.

ఈ లెక్కలు అరబ్బుల దేశానికి ఎలా చేరాయన్నది ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం. 8వ శతాబ్దం మూడో పాదంలో, ఖలీఫా అల్ మన్సూర్ కాలంలో భారతీయ ఖగోళ గ్రంథం ఒకటి బాగ్దాద్ చేరి అరబ్బీలోకి వెళ్లింది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకు అల్ ఖ్వారిజ్మీ బీజగణితం మీద రాసిన పుస్తకంలో కొలతల అధ్యాయం పెట్టాడు. చుట్టుకొలత కనుక్కోవడానికి అందులో మూడు దారులు చెప్పాడు. మామూలు పనులకు వ్యాసాన్ని 3 పూర్ణాంక 1/7తో గుణించమన్నాడు. రేఖాగణితం తెలిసినవాళ్లు వ్యాసం వర్గాన్ని పదితో గుణించి వర్గమూలం తీస్తారన్నాడు. ఇక ఖగోళ శాస్త్రజ్ఞుల పద్ధతి వ్యాసాన్ని 62,832తో గుణించి 20,000తో భాగించడం. అవే అంకెలు! మూడు వందల ఏళ్లకు పైగా ప్రయాణం చేసి కూడా ఆర్యభటుడి 62,832 ఒక్క అంకె చెదరకుండా బాగ్దాద్ పుస్తకంలో కూర్చుంది.

ఆ మధ్య దారి, పది వర్గమూలం, మన తెలుగు కథకు దగ్గరిది. సుమారు క్రీ.శ. 850లో, రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహం రాశాడు. అందులో స్థూల లెక్కకు వ్యాసానికి మూడు రెట్లు, సూక్ష్మ లెక్కకు పది వర్గమూలం వాడమన్నాడు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మల్లనను పరిశోధకులు చాలామంది 11వ శతాబ్దపు కవిగా, రాజరాజనరేంద్రుడి కాలం వాడిగా చెబుతారు. తెలుగులో కావ్యం నిలదొక్కుకుంటున్న తొలినాళ్లలోనే లెక్కల పుస్తకం కూడా పుట్టిందన్న మాట. ఈ సంగతి మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? నన్నయ పేరు తెలిసిన ప్రతి పిల్లవాడికీ మల్లన పేరు తెలియాలని నా కోరిక.

పది వర్గమూలం 3.1623. మన ప్లేటుకు 25 మిల్లీమీటర్లు ఎక్కువ పడుతుంది. సూసా పలక తక్కువ వేస్తే ఇది ఎక్కువ వేసింది. అయినా వందల ఏళ్లు నిలిచింది, కారణం గుర్తుపెట్టుకోవడం తేలిక కావడమే. పైగా మట్టి, ఇటుక పనుల్లో ఆ తేడా పెద్దగా ఇబ్బంది పెట్టదు. నాగార్జునకొండ మహాచైత్యం పునాదిని తలచుకోండి. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల కాలంలో కట్టిన ఆ స్తూపం వ్యాసం సుమారు 106 అడుగులు. నడుమ నాభి, దాని నుంచి ఆకుల్లా బయటికి సాగే ఇటుక గోడలు, చుట్టూ కమ్మీలాంటి గోడ, గోడల నడుమ మట్టి. పైనుంచి చూస్తే అచ్చం చక్రమే. అంత పెద్ద వృత్తాన్ని నేల మీద గీయడానికి మేకు, తాడు చాలు. చుట్టూ ఎన్ని ఇటుకలు పడతాయన్న అంచనాకు అయితే పై కావాలి. అక్కడ నూటికి ఒక వంతు తేడా వస్తే మిగిలిన ఇటుకలు ఇంకో గోడకు పనికొస్తాయి.

తర్వాతి కాలపు పరుగు ఇక్కడ క్లుప్తంగా చెబుతాను. కేరళలో మాధవుడి సంప్రదాయం అంతులేని శ్రేణులతో పై విలువను పట్టుకుంది. 1424లో సమర్‌కందులో అల్ కాషీ బహుభుజుల పద్ధతిని పదహారు దశాంశ స్థానాల వరకు తీసుకెళ్లాడు. 1761లో లాంబర్ట్ ఏ భిన్నమూ పైకి సమానం కాదని రుజువు చేశాడు. ఈ చివరి మాటను మన తరగతి గదులు ఇంకా సరిగా వినలేదు. 'పై = 22/7' అని బోర్డు మీద రాసి, మధ్యలో సమాన గుర్తు పెట్టేస్తాం. 22/7 పైకి దగ్గరి విలువ మాత్రమే. 'సుమారు' అన్న మాట బోర్డు మీద కచ్చితంగా ఉండాలి. ఆర్యభటుడు 499లో పెట్టిన జాగ్రత్త మనం ఇప్పుడు వదిలేయడం న్యాయం కాదు.

ఇప్పుడు వర్క్‌షాపు వదిలి స్క్రాప్ యార్డులోకి నడుద్దాం. ఇక్కడి చిక్కులు వేరు. గుండ్రటి ప్లేటు ఒకటి గుట్టలో దొరికింది. నడుమ బోల్టు రంధ్రం వేయాలి. దాని కేంద్రం ఎక్కడ? గీసినవాడి చుక్క ఎప్పుడో చెరిగిపోయింది.

మూలమట్టం ఒక్కటి చాలు. దాని మూలను ప్లేటు అంచు మీద ఎక్కడైనా ఆనించండి. మట్టం రెండు చేతులు అంచును ఎక్కడ తాకుతాయో అక్కడ రెండు గుర్తులు పెట్టి గీతతో కలపండి. అది వ్యాసం. మట్టాన్ని ఇంకో చోటికి జరిపి మళ్లీ అలాగే చేయండి. రెండు గీతలు ఖండించుకున్న చోట పంచ్ కొట్టండి. అదే కేంద్రం. అర్ధవృత్తంలోని కోణం లంబకోణం అన్న సిద్ధాంతం ఇక్కడ పనిచేస్తోంది. యూక్లిడ్ మూడో పుస్తకంలో ఇది 31వ ప్రతిపాదన. రుజువు రెండు వాక్యాలు. కేంద్రం నుంచి మూలకు వ్యాసార్థం గీస్తే పెద్ద త్రిభుజం రెండు సమద్విబాహు త్రిభుజాలుగా విడిపోతుంది. మూల దగ్గరి రెండు కోణాల మొత్తం, మిగిలిన రెండు చివరల కోణాల మొత్తం సమానం, కలిపి 180 డిగ్రీలు, కనుక మూల దగ్గర 90.

ఇంకో చిక్కు. విరిగిన ఫ్లాంజ్ ముక్క దొరికింది. పూర్తి వృత్తం లేదు, ఒక చాపం మాత్రమే ఉంది. అలాంటిదే కొత్తది చేయాలంటే అసలు వ్యాసం కావాలి. చాపం రెండు చివరల మధ్య తిన్నగా స్కేలు పెట్టి జ్యా కొలిచారు, 400 మిల్లీమీటర్లు. జ్యా నడుమ నుంచి చాపం వరకు ఎత్తు కొలిచారు, 50 మిల్లీమీటర్లు. ఈ ఎత్తును మన పాత గణితంలో శరం అన్నారు. చాపం విల్లు, జ్యా అల్లెతాడు, మధ్యలో బాణం. శరాల లబ్ధం అర్ధజ్యా వర్గానికి సమానమని ఆర్యభటుడు చెప్పాడు. అర్ధజ్యా 200, వర్గం 40,000. ఒక శరం 50 కాబట్టి, దాన్ని పొడిగిస్తే వృత్తం అవతలి అంచు వరకు వచ్చే రెండో శరం 800. రెండూ కలిపితే 850. అదీ ఫ్లాంజ్ వ్యాసం.

ఈ సూత్రం ఎందుకు నిజమో ఇందాకటి మూలమట్టమే చెబుతుంది. వ్యాసం రెండు చివరలను జ్యా కొనతో కలిపితే ఆ కొన దగ్గర లంబకోణం వస్తుంది. అర్ధజ్యా ఆ లంబకోణ త్రిభుజాన్ని రెండు సరూప త్రిభుజాలుగా చీలుస్తుంది. వాటి భుజాల నిష్పత్తులు రాసుకుంటే సూత్రం చేతికి వస్తుంది. పదో తరగతి పిల్లలు ఇది సొంతంగా రాబట్టగలరు, ప్రయత్నించండి.

ఆర్యభటుడికి రెండు వేల ఏళ్లకు ముందే మెసొపొటేమియా లేఖకుడు ఒకడు ఇలాంటి లెక్క చేశాడు. బ్రిటిష్ మ్యూజియంలోని బీఎం 85194 అనే పలక మీద అది ఉంది. వృత్తం చుట్టుకొలత 60, శరం 2, జ్యా ఎంత? పైని 3గా తీసుకుంటే వ్యాసం 20. అతని జవాబు 12. మన సూత్రంతో సరిచూడండి: 2ను 18తో గుణిస్తే 36, అర్ధజ్యా 6, వర్గం 36. సరిపోయింది.

సూత్రం పేరు తెలియకుండానే ఈ పని చేసే ఫిట్టర్లు మన వాళ్లలో చాలామంది ఉన్నారు. పదో తరగతి తప్పి గల్ఫ్ విమానం ఎక్కినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. ప్లేటు మందం చూసి నడిమి వ్యాసం తీసుకోవడం, అంచు నుంచి కేంద్రం రాబట్టడం, ముక్కను చూసి పూర్తి వృత్తం చెప్పడం అన్నీ గణితమే. దాన్ని గణితం అని పిలవాలి. కువైట్‌లోనో, రాయచోటిలోనో వాళ్ల పిల్లలు 'వృత్తాలు' పాఠం దగ్గర తడబడుతుంటే, వీడియో కాల్‌లో ఈ మూలమట్టం లెక్క ఒకటి నాన్నతో చెప్పించండి. టీచర్లకూ ఒక మనవి. వృత్తాల పాఠం మొదలుపెట్టే రోజున ఊళ్లో ఉన్న వెల్డింగ్ షాపు మనిషిని ఒక గంట తరగతికి పిలవండి. సుద్దముక్క ఆయన చేతికివ్వండి.

పాఠకులకు ఈసారి లెక్క. విరిగిన ముక్క మీద జ్యా 240 మిల్లీమీటర్లు, శరం 40 మిల్లీమీటర్లు. అసలు వ్యాసం ఎంత? ఆ వ్యాసాన్నే నడిమి వ్యాసంగా తీసుకుని రింగు చుట్టాలంటే పట్టీ ఎంత పొడవు కోయాలి? 22/7తో ఒకసారి, 3.1416తో ఒకసారి చేసి తేడా రాసుకోండి. జవాబు వచ్చే భాగంలో, స్పర్శరేఖల కథతో పాటు.